ఇసుకమీద నిలిచిన నమ్మకము

భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెముకడ గోదావరికి అడ్డముగా పాత ఆనకట్ట యొకటి గలదు. ఆ యడవులనడుమ నదిని పడవలకు అనువుగా జేయవలెనని సర్ ఆర్థరు కాటను పట్టిన పట్టుదలకు అది మిగిలిన గురుతు. హేగు అను ఇంజనీరు నడిపిన యా పనులను 1871లో ప్రభుత్వము ఆపివైచెను. నౌకామార్గము కలగానే పోయెను గాని కట్ట నిలిచినది. 1986 ఆగస్టులో భద్రాచలముకడ 75.6 అడుగుల కెక్కిన వరదయు దానిమీదుగనే సాగిపోయెను. నీటిలో నిలుచు కట్టడమును నమ్మవచ్చునా యను ప్రశ్న మరల వినవచ్చుచున్న యీ దినములలో, ఆ ప్రశ్నకే ఆయుష్షు ధారవోసిన యా పురుషుని చరిత్రము తలచుకొనుట యుక్తమని మాకు తోచినది.

కాటను 1803లో ఇంగ్లండున జన్మించి, 1821లో సైనిక ఇంజనీరుగా చెన్నపట్టణము చేరెను. తరువాత కావేరి పనులు అతని పాలబడెను. అచ్చట నతనికి గురువులు సీమదొరలు కారు, మన పూర్వులే. లోతు తెలియరాని ఇసుకలో చోళులు నిలిపిన కల్లణను జూచి, అట్టినేలలో పునాది వేయు విద్యను ఈ దేశమువారివలననే నేర్చితినని అతడే యొప్పుకొనెను. ఇసుకపై వేసిన పెద్దరాళ్ళు కొంత దిగబడును. మరల వేయుచుండిన నొకనాటికి కదలక కుదురుకొనును. ఆ విద్యకు మూలమిదియే.

1836లో కొలిడము ఆనకట్టలు లేచెను. అవియు నిర్దుష్టములు కావు. నది నడక మారగా, పై ఆనకట్టలో కొంతభాగమును తరువాత తగ్గింపవలసివచ్చెను. కట్టుటతో పని ముగియదను సత్యమును కావేరియే యతనికి బోధించెను.

1832-33లో వచ్చిన డొక్కల కరువుతోను, 1839 తుపానుతోను తెలుగుతీరము చితికిపోయెను. 1847లో ధవళేశ్వరముకడ పని మొదలయ్యెను. నాలుగు పాయలు, నడుమ లంకలు, అడుగున ఇసుక! ఆ యిసుకలో బావులు దింపి, వానిపై రాతికట్ట లేపి, దిగువన నీరు పడుచోట నేల కోసికొనిపోకుండ పెద్దరాళ్ళు పరచిరి. కట్టుచుండగనే వరదలు నష్టము కలిగించెను. సరిచేసి ముందుకు సాగిరి. వీణం వీరన్నగారి కార్యదక్షతయు, వేలాది కూలీల చెమటయు లేనిచో 1852 నాటికి అది పూర్తియయ్యెడిది కాదు. ఎప్పటికప్పుడు మరమ్మతులతో కాపాడినందుననే, 1982లో కొత్త బ్యారేజి పూర్తియగువరకు 130 ఏండ్లు డెల్టాకు నీరు పారినది.

కుంపిణీవారు శిస్తుపై కన్నుంచియే సొమ్ము వెచ్చించిరన్న సంగతి మేము మరువలేదు. అయినను రైళ్ళకు పెద్దపీట వేసి కాలువలను చిన్నచూపు చూచిన స్వజాతి ప్రభుత్వమును కాటను నిలదీసెను. ఆ వాదముకొరకు 1878లో పార్లమెంటు సంఘముచే ప్రశ్నింపబడెను. 1899లో కన్నుమూసెను.

ఇప్పటి మాట. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజి స్తంభములు కొన్ని 2023 అక్టోబరు 21న కుంగినవి. పునాదిక్రింది ఇసుక కొట్టుకొనిపోవుట ముఖ్యకారణములలో నొకటియని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ తేల్చినది. కృష్ణా గోదావరి తీరమున సముద్రములో నిలిచిన చమురు వేదికలకును, ఒడ్డును గాచు గోడలకును శత్రువిదియే: కాలిక్రింది ఇసుకను తొలుచు నీరు. పైనున్న సిమెంటు మెరుగు జూచి దేనిని నమ్మరాదు. ప్రతి వరదకు ముందును వెనుకను అడుగుభాగమును పరీక్షింపవలెను. తేలినది జనులకు తెలుపవలెను. మరమ్మతు ధనమును ఏనాడును కోయరాదు.

దుమ్ముగూడెముకడనే సీతమ్మసాగరు బ్యారేజి తలపెట్టబడినది. దాని పునాదిని ఎవరు పరీక్షించిరి, ఏమి కనుగొనిరి యని అడుగుట భద్రాచలము ప్రజల హక్కు. ఆ ప్రశ్నకు విసుగుకొనక బదులిచ్చుటయే పాలకులు కాటనుకును, అంతకుముందు కల్లణ కట్టిన మనవారికిని చేయదగిన గౌరవము.