కలరా గుట్టు విప్పిన శంభునాథ్ డే

రోగి శరీరంలోని నీరంతా గంజినీళ్ల వంటి విరేచనాలుగా బయటకు పోయి, గంటల వ్యవధిలోనే ప్రాణం తీసే వ్యాధి కలరా. తెలంగాణ పల్లెలు గత్తర పేరుతో గుర్తుంచుకున్నది దీనినే. దీనికి కారణమైన బ్యాక్టీరియాను జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో నిర్ధారించారు. అయితే కంటికి కనిపించని ఆ సూక్ష్మజీవి మనిషి పేగు నుంచి అంత నీటిని ఎలా వెళ్లగొట్టగలుగుతోందన్న ప్రశ్నకు 75 ఏళ్లపాటు సరైన సమాధానం దొరకలేదు. చివరకు దాన్ని కనుగొన్నది అదే కలకత్తాలో పనిచేసిన శంభునాథ్ డే.

బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా గరిబాటి గ్రామంలో 1915 ఫిబ్రవరి 1న ఆయన జన్మించారు. తండ్రి దశరథి డే చిరు వ్యాపారి. హుగ్లీ మొహ్సిన్ కళాశాలలో చదువు ముగించుకుని కలకత్తా వైద్య కళాశాలలో చేరిన శంభునాథ్ 1939లో వైద్య పట్టా పొందారు. 1942లో ఉష్ణమండల వ్యాధుల వైద్యంలో డిప్లొమా సాధించారు. 1947లో లండన్ వెళ్లి, ప్రముఖ వ్యాధి నిపుణుడు రాయ్ కామెరాన్ వద్ద మెదడులో నీరు చేరే వ్యాధిపై పరిశోధించి 1949లో పీహెచ్‌డీ అందుకున్నారు. ఆ పరిశోధనకు కలరాతో సంబంధం లేదు. కానీ స్వదేశానికి తిరిగి వచ్చాక ఆయన తన సమయాన్నంతా కలరాకే కేటాయించారు. బెంగాల్‌లో ఏటా పంజా విసిరే వ్యాధి అది. పరిశోధనకు కావలసిన రోగులూ, నమూనాలూ ఆయన పనిచేసే ఆసుపత్రుల్లోనే ఉండేవి.

కలరాలో విషపదార్థం పాత్ర ఉండవచ్చని కాక్ అప్పట్లోనే ఊహించారు. తర్వాతి తరాలవారిలో ఎక్కువమంది దాని కోసం వెతికిన చోటే సరైనది కాదు. బ్యాక్టీరియా చనిపోయి విచ్ఛిన్నమైనప్పుడు దాని నుంచి వెలువడే విషం రక్తంలో కలిసి రోగిని చంపుతుందని భావించి, జంతువుల రక్తంలోకీ, కడుపు కుహరంలోకీ సూదిమందుగా ఎక్కించి చూశారు. జంతువులు చనిపోయేవి గానీ, వాటిలో మనిషికి వచ్చే కలరా లక్షణాలు కనిపించేవి కావు. వ్యాధి పేగులో పుడుతున్నప్పుడు పరీక్ష కూడా పేగులోనే జరగాలని శంభునాథ్ తలచారు.

1953లో సహచరుడితో కలిసి ఆయన ప్రకటించిన పద్ధతి ఆశ్చర్యపరిచేంత సరళమైనది. మత్తు ఇచ్చిన కుందేలు చిన్నపేగులో కొంత భాగాన్ని రెండు చివర్లా దారంతో బిగించి కట్టి, ఆ మధ్య భాగంలోకి కలరా బ్యాక్టీరియాను ఎక్కించేవారు. మరుసటి రోజు చూస్తే ఆ ముక్క నీటితో ఉబ్బిపోయి ఉండేది. బ్యాక్టీరియా లేకుండా కట్టిన పక్క ముక్క ముడుచుకుని అలాగే ఉండేది. దారం, సూది, కుందేలు ఉంటే చాలు. ఖరీదైన యంత్రాలతో పనిలేదు. 1956లో ఆయన బృందం ఇదే పద్ధతిలో, విరేచనాల రోగుల నుంచి సేకరించిన కొన్ని ఈ కోలై రకాలు కూడా పేగును ఇలాగే ఉబ్బిస్తాయని చూపింది.

అసలు మలుపు 1959లో వచ్చింది. బ్యాక్టీరియాను పెంచిన ద్రవాన్ని వడపోసి, సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేకుండా చేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే కుందేలు పేగులోకి ఎక్కించారు. పేగు మళ్లీ ఉబ్బింది. అంటే నీటిని లాగుతున్నది బ్యాక్టీరియా బయటకు విడుదల చేసే విషం. అది రక్తంలో చేరనవసరం లేకుండానే పేగు గోడపై నేరుగా పనిచేస్తోంది. ఈ ఫలితాన్ని వివరించే చిన్న వ్యాసం ఆ ఏడాది మే 30న నేచర్ పత్రికలో వెలువడింది. అదే ఏడాది బొంబాయిలో ఎన్.కె. దత్తా బృందం పిల్ల కుందేళ్లపై వేరే మార్గంలో చేసిన ప్రయోగాలు కూడా విషపదార్థం వైపే వేలు చూపాయి.

ఆ విషాన్ని శుద్ధి చేయగల సదుపాయాలు శంభునాథ్‌కు లేవు. ఆ పని పదేళ్ల తర్వాత, 1969లో అమెరికాలో రిచర్డ్ ఫింకెల్‌స్టీన్ తదితరులు చేశారు. అక్కడి నుంచి అణు స్థాయి చిత్రం స్పష్టమైంది. విషంలోని ఐదు భాగాల వలయం పేగు కణం పైపొరపై ఉండే జీఎం1 అనే కొవ్వు, చక్కెరల అణువును పట్టుకుంటుంది. మరో భాగం కణంలోకి దూరి, కణ సంకేతాలను నియంత్రించే ఒక ప్రోటీన్‌ను పని ఆపలేని స్థితిలో బిగించేస్తుంది. ఫలితంగా సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం విపరీతంగా పెరిగి, క్లోరైడ్ కణం నుంచి పేగులోకి పొంగుతుంది. దాని వెంటే సోడియం, నీరు పోతాయి. తీవ్రమైన రోగి గంటకు లీటరు వరకు నీరు కోల్పోవచ్చు. విచిత్రమేమిటంటే, ఇంత జరిగినా చక్కెరతో కలిపి ఉప్పును పీల్చుకునే మార్గం మాత్రం పాడవదు. ఉప్పు, చక్కెర కలిపిన నీరు రోగిని కాపాడుతున్నది అందువల్లనే. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబీస్ ఈ ద్రావణంతోనే మరణాల శాతాన్ని దాదాపు 30 నుంచి 4 లోపునకు దించారు.

కలకత్తా వైద్య కళాశాలలో వ్యాధి విజ్ఞాన విభాగానికి అధిపతిగా పనిచేసి శంభునాథ్ 1973లో పదవీ విరమణ చేశారు. ప్రచారానికి దూరంగా ఉండే స్వభావం ఆయనది. అంత మాత్రాన స్వదేశం చూపిన నిర్లక్ష్యానికి సాకు దొరకదు. దేశంలోని ఏ సైన్స్ అకాడమీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకోలేదు, పెద్ద పురస్కారమేదీ దక్కలేదు. విదేశాల్లో పరిస్థితి వేరు. నోబెల్ గ్రహీత జోషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్ బహుమతికి ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రతిపాదించారు. 1978లో నోబెల్ ఫౌండేషన్ కలరాపై నిర్వహించిన సదస్సుకు ఆయనను ఆహ్వానించింది. 

శంభునాథ్ డే 1985 ఏప్రిల్ 15న కన్నుమూశారు. బెంగళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక 1990లో ఆయన జీవితం, పరిశోధనలపై ప్రత్యేక సంచిక ప్రచురించింది.