మహర్షి దేవేంద్రనాథుని నిరీక్షణము

ప్రార్థించిన మఱునాడే ప్రార్థనాఫలము చేతికందవలెనని కోరుట మానవస్వభావము. మాసములు గడచి, సంవత్సరములు గడచినను చీకటి తొలగనప్పుడు దేవుడు మనలను మఱచెనేమో యన్న సంశయము దృఢభక్తులను గూడ బాధించుచుండును. అట్టి సంశయములోనున్న సోదరసోదరీమణుల కొఱకు మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి చరిత్రమునుండి కొన్ని సంగతులను మేమిచ్చట వ్రాయుచున్నాము. ఆయన కీర్తిని లోకమెఱుగును. ఆ కీర్తికి వెనుక నెన్ని యేండ్ల నిరీక్షణమున్నదో యెఱిగినవారు కొలదిమంది.

దేవేంద్రనాథుడు 1817వ సంవత్సరము మే నెల 15వ తేదీని కలకత్తా నగరమున జోడాసాంకోలో జన్మించెను. తండ్రి ద్వారకానాథ ఠాకూరు వర్తకమువలనను జమీందారీలవలనను అపారధనము నార్జించి, దొరలతో భాగస్వామియై పెద్ద వ్యాపారసంఘమును నడపినవాడు. అట్టి యింట పెరిగిన బాలునకు వైభవమే లోకముగా నుండెను. 1835లో, ఆయనను పెంచిన నాయనమ్మకు అవసానకాలము సమీపింపగా, ఆనాటి యాచారము చొప్పున నామెను గంగాతీరమునకు గొనిపోయిరి. ఆమె మరణమునకు ముందటి రాత్రి, పండువెన్నెలలో, చేరువ నామసంకీర్తనము జరుగుచుండగా, ముతక చాపపై కూర్చుండియున్న యా యువకుని హృదయమున నెన్నడు నెఱుగని యానందము పొంగెను. ఆ క్షణమున నైశ్వర్యము తృణప్రాయముగా తోచెను.

అయితే ఆ యానందము నిలువలేదు. దానిని మరల పొందవలెనని యెంత వెదకినను చిక్కలేదు. మనసున గాఢాంధకారము క్రమ్మెను. తన వస్తువుల నడిగినవారికి పంచిపెట్టెను; శాంతి కలుగలేదు. మధ్యాహ్నవేళల గంగకావలి యొడ్డుననున్న బొటానికల్ తోటకు బోయి, యచ్చటి సమాధిమీద నొంటరిగా కూర్చుండెడివాడు. నడిమింటి సూర్యకిరణములు సైతము ఆయనకు నల్లగా కనబడెనట. సంస్కృతము నేర్చి మహాభారతము చదివెను. ఐరోపా తత్త్వవేత్తల గ్రంథములు చదివెను. బుద్ధికి కొంత వెలుగు దొరకెను గాని హృదయమునకు ఆధారము దొరకలేదు. ఐనను ఆయన వెదకుట మానలేదు. పూర్వపు విలాసములలో మునిగి ఆ వెలితిని మఱచుటకును యత్నింపలేదు.

ఇట్లుండగా నొకనాడు చినిగిన సంస్కృతగ్రంథపుటయొకటి యాయన యెదుట నెగిరిపోవుచుండెను. ఆయన దానిని పట్టుకొని చదువబోయెను గాని యర్థము కాలేదు. పండితునకిచ్చి, బ్యాంకులో తన యుద్యోగమునకు బోయి, మనసు నిలువక త్వరగా మరలివచ్చెను. రామచంద్ర విద్యావాగీశుడు దానిని చదివి, యది ఈశోపనిషత్తులోనిదని తెలిపి, అర్థము వివరించెను. జగమంతయు ఈశ్వరునితో నిండియున్నదనియు, ఆయన యిచ్చినదానితో తృప్తి నొందవలెననియు, పరుల ధనమునకు ఆశపడరాదనియు దాని భావము. ఏండ్ల తరబడి వెదకినది గాలికెగిరిన కాగితపుముక్కలో ఇంటికి వచ్చెను. 1839లో నాయన తత్త్వబోధినీసభను స్థాపించెను. 1843వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని మిత్రులతో గూడ బ్రాహ్మధర్మదీక్షను స్వీకరించెను.

కృప లభించినతోడనే కష్టములు తీరునని తలంచువారు తరువాతి కథను వినవలెను. 1846లో ద్వారకానాథుడు లండనులో మరణించెను. విగ్రహపూజలేని శ్రాద్ధము చేసినందున బంధువులనేకులు దేవేంద్రనాథుని విడిచిరి. 1848 జనవరిలో వ్యాపారసంఘము కూలిపోయెను. ఋణములు దాదాపు కోటి రూపాయలు. రావలసిన సొమ్ము పోగా ముప్పదిలక్షలకు లోటేర్పడెను. తండ్రి ముందుచూపుతో 1840లోనే కొన్ని యెస్టేటులను కుమారుల నిమిత్తము ట్రస్టుక్రింద నుంచియుండెను. వానిని ఋణదాతలు తాకజాలరు. చట్టము ఆయన పక్షముననుండెను. భార్యాబిడ్డల పోషణభారమును ఆయనపై నుండెను. నోరెత్తకుండిన చాలును, ధనము నిలుచును.

పరుల ధనమునకు ఆశపడరాదన్న యుపదేశము ఇప్పుడు పరీక్షకు వచ్చెను. దేవేంద్రనాథుడు తమ్ముడు గిరీంద్రనాథునితో నాలోచించి, ట్రస్టు ఆస్తిని గూడ ఋణదాతల యెదుట నుంచెను. ఈ న్యాయబుద్ధికి వారు కరగిపోయి, యెస్టేటులను స్వాధీనపఱచుకొని కుటుంబమునకు సంవత్సరమునకు 25,000 రూపాయలు వ్యయమున కేర్పఱచిరి. పిమ్మట నాస్తినిర్వహణమును సోదరులకే విడిచిరి. దాసదాసీజనము తగ్గెను, బండ్లును గుఱ్ఱములును పోయెను. ఋణములు తీరుటకు చాల యేండ్లు పట్టెను. తండ్రి ధర్మకార్యమునకు వాగ్దానము చేసి చెల్లింపక పోయిన లక్షరూపాయలను సైతము కుమారుడు వడ్డీతో చెల్లించెను.

1854లో గిరీంద్రనాథుడు మరణింపగా భారము మఱింత హెచ్చెను. మనస్సు విసిగి, 1856లో దేవేంద్రనాథుడు ఇల్లు విడిచి కాశీ, అమృతసరముల మీదుగా హిమాలయములకు బోయెను. సిమ్లా ప్రాంతములందు ధ్యానములో కాలము గడపుచు, ఇక మరలిపోరాదనియే తలంచెను. అచ్చట నొకనాడు కొండయేటిని చూచెను. పైన స్వచ్ఛమైన యా నీరు క్రిందికి దిగి, బురదతో కలసి, నేలను పండించుటకే పాఱుచున్నది. తానును దిగిపోయి తెలిసిన సత్యమును జనులకు పంచవలెనన్న యాజ్ఞ లోపల వినబడెను. ఇష్టము లేకున్నను ఆయన దానికి లోబడి 1858లో కలకత్తా చేరెను. అటుపిమ్మట నలుబదియాఱేండ్లకు పైగా జీవించి, శాంతినికేతనమున నాశ్రమమును నెలకొల్పి, 1905వ సంవత్సరము జనవరి 19వ తేదీని దేహము చాలించెను.

ఈ చరిత్రమువలన మనము గ్రహింపవలసినదేమి? నిరీక్షణమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. దేవేంద్రనాథుడు వెలుగు లేనప్పుడు చదివెను. ధనము పోవునప్పుడు న్యాయము చేసెను. శాంతి దొరకినప్పుడు ఆజ్ఞకు లోబడి కొండ దిగెను. ఫలమెప్పుడు వచ్చునో నిర్ణయించుట ఆయన చేతిలో లేదు. నాటి ధర్మమును నాడు చేయుట మాత్రమే చేతిలోనుండెను. ప్రియ చదువరులారా! మీలో ఋణముతో, రోగముతో, లేక హృదయశూన్యతతో కాలము గడపుచున్నవారుందురు. మీ కష్టము రేపే తీరునని చెప్పుటకు మేము చాలము. అయితే నేడు మీ ముందున్న న్యాయమైన పనిని విడువకుడు. చీకటిలో వెదకిన యా యువకుని విడువని పరమేశ్వరుడు మిమ్మును విడువడు. ఆ విశ్వాసమును మనకందఱకును ఆయనయే ప్రసాదించుగాక.