గుర్‌దిత్ సింగ్: రానివ్వమన్న కెనడాకు ఓడనే అద్దెకు తీసుకుని వెళ్లారు.. ఆ తర్వాత ఏమైందంటే?

కెనడా వీసా రూల్స్ మారాయంటే చాలు, ఇప్పుడు మన ఇళ్లలో టెన్షన్. వందేళ్ల కిందట ఇలాంటి ఓ రూల్‌తోనే నేరుగా తలపడ్డారు ఓ పంజాబీ పెద్దాయన. ఆయనే బాబా గుర్‌దిత్ సింగ్.

అమృత్‌సర్ ప్రాంతంలోని సర్హాలీ ఆయన సొంతూరు. మలయా, సింగపూర్‌లలో కాంట్రాక్టులు చేసి బాగానే సంపాదించారు. పని మీద హాంకాంగ్ వెళ్తే, కెనడా పోయే దారిలేక అక్కడే చిక్కుకుపోయిన పంజాబీలు కనిపించారు.

అసలు అడ్డంకి 1908 నాటి ఓ నిబంధన. సొంత దేశం నుంచి మధ్యలో ఎక్కడా మారకుండా వచ్చిన వాళ్లకే కెనడాలో ప్రవేశం. అందులో భారతీయులన్న మాటే లేదు. కానీ ఇండియా నుంచి కెనడాకు నేరుగా నడిచే ఓడ ఒక్కటీ లేదు! పైగా ఆసియా వాళ్ల చేతిలో 200 డాలర్లు ఉండాలన్నది మరో షరతు.

బ్రిటిష్ సామ్రాజ్యంలో పుట్టిన మనకు అదే సామ్రాజ్యంలోని కెనడాకు వెళ్లే హక్కు లేదా అన్నదే గుర్‌దిత్ సింగ్ వాదన. జపాన్‌కు చెందిన కొమగాటా మారు ఓడను అద్దెకు తీసుకున్నారు. 1914 మే 23న 376 మందితో వాంకోవర్ చేరారు.

అధికారులు ఓడ దిగనివ్వలేదు. తిండికీ, నీళ్లకూ కటకట. వాంకోవర్‌లోని మనవాళ్లు చందాలు పోగేసి ఓడ అద్దె బాకీ కట్టారు. అయినా కోర్టులో ఓటమే మిగిలింది. దిగినవాళ్లు 24 మందే. చివరికి యుద్ధనౌకను రప్పించి, జులై 23న ఓడను వెనక్కి పంపేశారు.

ఇంటికొస్తే అయినా ఊరట దక్కిందా? అదీ లేదు. సెప్టెంబర్ 29న కలకత్తా దగ్గరి బజ్‌బజ్‌లో బ్రిటిష్ సర్కారు వాళ్లను బలవంతంగా పంజాబ్ రైలెక్కించబోయింది. గొడవ ముదిరి కాల్పులు జరిగాయి. దాదాపు 20 మంది ప్రయాణికులు చనిపోయారు. గుర్‌దిత్ సింగ్ తప్పించుకున్నారు. ఏడేళ్లు అజ్ఞాతంలో గడిపి, 1921లో నన్కానా సాహిబ్‌లో లొంగిపోయి జైలుకెళ్లారు.

1954లో ఆయన కన్నుమూశారు. కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పింది మాత్రం 2016 మే 18న. అంటే ఓడను తిప్పి పంపిన 102 ఏళ్లకు. ఆ మాట వినడానికి గుర్‌దిత్ సింగ్ లేరు. ఎవరి పేరూ రాయకుండానే ఓ రూల్ ఎవరిని ఆపగలదో ఆ ఓడ లోకానికి చూపించింది.