విలియం బ్రూక్ ఓషాఘ్నెసీ చరిత్రము

నేడు మన ఆసుపత్రులలో రోగి మంచము ప్రక్కన కంబమునకు వ్రేలాడు సెలైను సీసాను చూడనివారు అరుదు. పల్లెటూళ్లలో సైతము సెలైను ఎక్కించుట యనుమాట అందఱకును తెలిసినదే. విశేషించి ప్రాణాపాయస్థితిలో నున్నవారి నుంచు ఇంటెన్సివ్ కేర్ గదులలో, నాడి క్షీణించుచున్న రోగికి మొట్టమొదట చేయు ఉపచారములలో ఇది యొకటి. బొట్టుబొట్టుగా రక్తములోనికి దిగు ఈ ఉప్పునీటి వెనుక నొక చరిత్రము కలదు. అది యొక యువకుని బుద్ధిలో పుట్టి, కొలదికాలము వెలిగి, అనేక సంవత్సరములు మఱుగుపడి, మరల లోకమునకు దక్కినది. ఆ యువకుడే విలియం బ్రూక్ ఓషాఘ్నెసీ. మనదేశమున తంతిని నెలకొల్పినవాడుగా ఈతడు ప్రసిద్ధుడు. కాని 22 ఏండ్ల ప్రాయమున ఈతడు చేసిన పని అంతకంటెను గొప్పది.

ఓషాఘ్నెసీ 1809వ సంవత్సరము అక్టోబరు మాసమున ఐర్లండు దేశములోని లిమరిక్ పట్టణమున జన్మించెను. కొంతకాలము డబ్లిన్ నగరమందలి ట్రినిటీ కళాశాలలో చదివి, పిదప స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమునకు బోయి, 1829లో వైద్యశాస్త్రమున ఎం.డి. పట్టమును పొందెను. రసాయనశాస్త్రమన్న ఆతనికి మిక్కిలి మక్కువ. తరువాత లండను నగరమును చేరెను గాని, అచ్చట వైద్యవృత్తి చేయుటకు వలసిన అనుమతి లభింపలేదు. అందులకు నిరుత్సాహపడక, తానే యొక ప్రయోగశాలను ఏర్పఱచుకొని, విషపదార్థములను, రక్తము మున్నగువానిని శోధించుచు జీవనము గడపెను. రోగి మంచముచెంతకు బోవు దారి మూతపడినందున, ఆతడు త్రాసును, గాజుగొట్టమును చేతబట్టెను. అదియే ఆతనిని చరిత్రలోనికి గొనివచ్చెను.

ఆ కాలముననే ఐరోపాఖండమును విషూచి భయము ఆవరించియుండెను. 1817 మొదలు వంగదేశమునుండి పలుమాఱులు బయలువెడలిన ఈ జాడ్యము, బాటసారులతోను ఓడలతోను దేశదేశములకు వ్యాపించి, 1831 శరత్కాలమున ఇంగ్లండు ఈశాన్యతీరమందలి సండర్లండు రేవును చేరెను. ఉదయమున ఆరోగ్యముగా తిరిగినవారు సాయంకాలమునకు మృతినొందుచుండిరి. బియ్యపు కడుగువంటి విరేచనములు ఎడతెగక కాగా, కన్నులు గుంటలుపడి, చర్మము నీలవర్ణమై, చేతినాడి అందకపోవుచుండెను. నాటి వైద్యులలో అనేకులు ఇట్టి రోగుల సిరలను కోసి రక్తమును వెడలించుచుండిరి. పాదరసము చేరిన మందులనిచ్చి విరేచనములను మఱింత హెచ్చించుచుండిరి. నీరు లేక ఎండిపోవుచున్న దేహమునుండి మిగిలిన ద్రవమునుగూడ తీసివైచుటయే చికిత్సయని వారు నమ్మిరి.

ఓషాఘ్నెసీ సండర్లండునకు స్వయముగా బోయి, రోగుల రక్తమును, విసర్జితములను తెచ్చి తూచి పరీక్షించెను. రక్తములో ఉండవలసిన నీరు మిక్కిలి తగ్గిపోయినదని, లవణములు లోపించినవని, క్షారము హరించిపోయినదని, మూత్రము బంధింపబడినవారి రక్తమున యూరియా పేరుకొన్నదని ఆతడు కనుగొనెను. అట్లు రక్తమున లోపించిన లవణములును, క్షారమును రోగి విసర్జించినదానిలో కానవచ్చెను. అనగా రక్తము కుళ్లిపోలేదు. దాని సారము బయటికి జాఱిపోయినది. ఈ లెక్క తెలియగానే చికిత్సయు స్పష్టమయ్యెను. పోయినదేదో దానినే మరల చేర్చవలెను. రక్తము మునుపటి పలుచదనమును పొందవలెను. కోల్పోయిన లవణములు దానికి దక్కవలెను. ఇందులకు నోటిమార్గమున లవణజలము నిచ్చుటయు, అది సాధ్యముకానప్పుడు సిరలలోనికి ఎక్కించుటయు ఉపాయములని ఆతడు సూచించెను. కుక్కల సిరలలోనికి లవణద్రావణముల నెక్కించి, వానికి హాని కలుగకుండుటను గమనించెను. ఈ సంగతులు 1832 జనవరిలో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడెను.

ఆ వ్రాతను చదివినవారిలో ఎడింబరో చెంతనున్న లీత్ రేవుపట్టణపు వైద్యుడు థామస్ లాటా యొకడు. 1832 మే మాసమున ఆతడు ఈ ఉపాయమును మనుష్యులయందు ప్రయోగించుటకు సాహసించెను. మొదటి రోగి యొక వృద్ధస్త్రీ. ఇతర చికిత్సలన్నియు విఫలమై, ఆమె తుదిఘడియలలో నుండెను. లాటా ఆమె చేతిసిరలో వెండిగొట్టమును చొప్పించి, ఉప్పును సోడాక్షారమును కలిపిన గోరువెచ్చని నీటిని మెల్లమెల్లగా ఎక్కింప నారంభించెను. మొదట ఏ మార్పును కానరాలేదు. పిమ్మట ఆమె శ్వాస తేలికపడెను. లోతుకుపోయిన కన్నులు వెలిగెను. చల్లబడిన చేతులు వెచ్చబడెను. నాడి మరల అందెను. అరగంటలో సుమారు మూడు లీటర్ల ద్రవము లోనికి బోయెను. ఆమె గండము గడచినదని తలచి, లాటా ఆమెను ఆసుపత్రి వైద్యునికి అప్పగించి వెడలిపోయెను. కాని వాంతులును విరేచనములును మరల ప్రారంభమయ్యెను. మరల ద్రవమెక్కించువారు లేక, కొన్ని గంటలలోనే ఆమె మరణించెను. ఈ మరణము లాటాకు గొప్పపాఠమయ్యెను. ద్రవము పోవుచున్నంతకాలము విడువక పూరించుచుండవలెనని గ్రహించి, తరువాతివారికి ఆతడట్లే చేసెను. అందు కొందఱు బ్రదికిరి. ఓషాఘ్నెసీ ఆ ఫలితములను విని మిక్కిలి హర్షించెను.

ఇంతటి సత్యము బయలుపడినపిమ్మట లోకమంతయు దానిని చేపట్టియుండునని మనము తలంతుము. అట్లు జరుగలేదు. మరణమునకు సిద్ధమైనవారికి మాత్రమే దీనిని ప్రయోగించుటచే మృతులే యెక్కువగా కనబడిరి. సూక్ష్మజీవులను గుఱించి తెలియని ఆ దినములలో నీటిని గాని పరికరములను గాని శుద్ధి చేయువారు లేరు. ఉప్పు పాళ్లు సైతము రక్తమునకు సరిపడక తక్కువగా నుండెను. ఒకమాఱు ఎక్కించి విడిచినవారే పెక్కుమంది. లాటా 1833లో క్షయవ్యాధిచే మరణించెను. విషూచి ఆ దేశమును విడిచిపోగానే దాని చికిత్సయు మఱపున పడెను. ఓషాఘ్నెసీ 1833లో ఈస్టిండియా కంపెనీవారి కొలువున సహాయవైద్యుడుగా చేరి కలకత్తాకు వచ్చెను.

విషూచికి పుట్టినిల్లనదగిన వంగదేశమున అడుగిడినను, ఆతని దృష్టి ఇతర విషయములకు మఱలెను. 1835లో స్థాపింపబడిన కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడై, దేశీయ విద్యార్థులకు ఆ శాస్త్రమును బోధించెను. ఈ దేశపు వైద్యులు వాడు మూలికలను అసత్యములని త్రోసివేయక, ఒక్కొక్కదానిని పరీక్షించి, 1842లో బెంగాల్ డిస్పెన్సటరీ అను గ్రంథమును ప్రకటించెను. గంజాయి యందలి ఔషధగుణమును ధనుర్వాతము మున్నగు వ్యాధులయందు పరీక్షించి, పాశ్చాత్యవైద్యులకు తెలియజేసెను. 1843లో లండను రాయల్ సొసైటీవారు ఆతనిని సభ్యునిగా ఎన్నుకొనిరి.

1839లోనే ఆతడు కలకత్తాలో తీగలు కట్టి, హుగ్లీనది నీటిక్రిందుగా సైతము విద్యుత్సంకేతములను పంపియుండెను. పండ్రెండేండ్ల తరువాత ఆ పరిశ్రమ ఫలించెను. 1851లో కలకత్తానుండి డైమండ్ హార్బరు దిక్కునకు తంతిమార్గము తెఱవబడెను. శివచంద్ర నంది అను వంగదేశీయుడు ఈ పనిలో ఆతనికి కుడిభుజమై నిలిచెను. గవర్నరు జనరలైన డల్‌హౌసీ ప్రభువు ప్రోత్సాహముతో 1853 నవంబరులో పెద్దపని ప్రారంభమై, 1854 మార్చిలో ఆగ్రానుండి కలకత్తాకు 800 మైళ్ల దూరము తంతివార్త నడచెను. అనతికాలములోనే పెషావరు, బొంబాయి, చెన్నపురి నగరములును ఆ తీగలచే కలుపబడెను. ఇందులకు 1856లో సర్ బిరుదము లభించెను. 1860 ప్రాంతమున ఆతడు మనదేశమును విడిచి, శేషజీవితమును ఇంగ్లండులో గడపి, 1889 జనవరి 8వ తేదీన సౌత్‌సీ పట్టణమున మరణించెను.

ఆతడు విడిచిన మొదటిపని మాత్రము మరణింపలేదు. ఆతడు బోధించిన కలకత్తా వైద్యకళాశాలలోనే, 1908 ప్రాంతమున, లియొనార్డ్ రోజర్స్ అను ఆచార్యుడు విషూచిరోగులకు గాఢమైన లవణజలమును శుద్ధముగా సిద్ధపఱచి సిరలలో ఎక్కించుచు వచ్చెను. ఎంత ఎక్కింపవలెనను దానిని ఆతడు ఊహకు విడువలేదు. రక్తముయొక్క సాంద్రతను కొలిచి నిర్ణయించెను. మరణములు చాలవఱకు తగ్గెను. ఓషాఘ్నెసీ చూపిన నోటిమార్గమును గూడ కాలము మఱువలేదు. 1971లో బంగ్లాదేశ శరణార్థులు బనగావ్ శిబిరములలో విషూచివాత పడినప్పుడు సెలైను చాలలేదు. దిలీప్ మహలనబిస్ వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడాక్షారము కలిపిన నీటిని పీపాలలో నింపి, బంధువులచేతనే రోగులకు త్రాగించెను. దానివలన ఆ శిబిరమున నూటికి 30 మంది వఱకు నుండిన మరణములు నాలుగింటికి లోబడెను. నేడు మన యిండ్లలో వాడు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఈ వంశములోనిదే.

సిరలలోనికి ఎక్కించు ద్రవములు సైతము క్రమముగా మెఱుగుపడెను. 1880 ప్రాంతమున సిడ్నీ రింగర్ కప్పగుండెపై చేసిన ప్రయోగములవలన సోడియము, కాల్షియము, పొటాసియము తగుపాళ్లలో నుండవలెనని తెలిసెను. 1932లో అమెరికా వైద్యుడు హార్ట్‌మన్ దానికి లాక్టేటును చేర్చెను. మన ఆసుపత్రులలో ఆర్.ఎల్. అని పిలుచు ద్రవము ఇదియే.

అయినను ఇంటెన్సివ్ కేర్ వైద్యులకు ఎంత, ఎప్పుడు అను ప్రశ్న నేటికిని తీఱలేదు. రక్తమున సూక్ష్మజీవులు చేరి నాడి పడిపోయినవారికి మొదటి 3 గంటలలో దేహపు బరువులో కిలో ఒక్కింటికి సుమారు 30 మిల్లీలీటర్లు ఎక్కించుట వాడుక. పిదప నాడిని, రక్తపుపోటును, మూత్రమును గంటగంటకు చూచుచు, ఇంకను వలయునో చాలునో నిర్ణయింతురు. ఎక్కువైనచో ద్రవము ఊపిరితిత్తులలో చేరి ఊపిరియాడకుండ చేయును. కెన్యా, ఉగాండా, టాంజానియా దేశములలో తీవ్రజ్వరముతో రక్తప్రసారము మందగించిన 3,141 మంది పిల్లలయందు జరిపిన పరిశోధన 2011లో వెలువడెను. త్వరగా అధికద్రవము ఎక్కించినవారిలో రెండు దినములలో నూటికి పదిమందికి పైగా మరణింపగా, అట్లు ఎక్కింపనివారిలో ఏడుగురే మరణించిరి. ఈ పిల్లలు విషూచిరోగులవలె నీరు కోల్పోయినవారు కారు. కావున ఒకనికి అమృతమైనది వేఱొకనికి విషము కావచ్చును. రోగి ఏమి కోల్పోయెనో మొదట తెలిసికొని, అంతయే పూరింపుమని ఓషాఘ్నెసీ తూనిక నాడు చెప్పినది. ఆ పాఠము నేటికిని పాతబడలేదు.

విద్యార్థులారా! ఓషాఘ్నెసీకి బిరుదమును తెచ్చిన తంతి 2013 జూలైలో మనదేశమున ముగిసెను. అనుమతి లేక, పేరు లేక, 22 ఏండ్ల వయస్సున ఆతడు కనుగొన్న సత్యము మాత్రము ప్రతిరాత్రియు ఎందఱో రోగుల మంచములచెంత పనిచేయుచున్నది. పెద్దలందఱు నమ్మినదానిని ఆతడు వాదముచే ఎదిరింపలేదు, తూచి చూచెను. మీ పాఠశాలలోని త్రాసును, కొలపాత్రను చేతబట్టునపుడు ఈ సంగతి స్మరింపుడు. ఒక గ్రాము తేడాయని ఉపేక్షింపకుడు. ఆ తేడాయందే ఒకప్పుడు ఒక ప్రాణము నిలిచియుండవచ్చును.