జేబులో వడ్లగింజలు, పెరట్లో టమాటాలు

1787 ఏప్రిల్. ఇటలీ ఉత్తరాన పీడ్‌మాంట్ ప్రాంతం. ఆల్ప్స్ పర్వతాలు దాటి ఒక అమెరికన్ పెద్దమనిషి అక్కడి వరిపొలాల దగ్గరికి వచ్చాడు. వయసు 44. ఉద్యోగం ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి. వచ్చిన పని మాత్రం రాయబారం కాదు, బియ్యం సంగతి తేల్చుకోవడం.

పారిస్ బజారులో తమ కరొలైనా బియ్యం కంటే ఇటలీ బియ్యాన్నే కొందరు మెచ్చుకుంటున్నారు. ఇటలీవాళ్ల దగ్గర వడ్లు దంచే యంత్రం మెరుగైనదనీ, అందుకే గింజ విరగకుండా వస్తుందనీ ఎవరో చెప్పారు. ఆ మాట నమ్మి ఊరుకోలేదు, స్వయంగా వెళ్లి చూశాడు. తీరా చూస్తే తమ దేశంలో వాడే యంత్రం లాంటిదే. అంటే తేడా యంత్రంలో లేదు, విత్తనంలోనే ఉంది. అయితే ఆ వడ్లు దేశం దాటిస్తే మరణశిక్ష అని అక్కడివాళ్లు చెప్పారు. ఆయన ఒక కంచరగాడిదల వాడితో బస్తా వడ్లు జెనోవా రేవుకు చేర్చమని బేరం కుదుర్చుకున్నాడు. అది చేరుతుందన్న నమ్మకం లేక, తన కోటు జేబుల్లో పట్టినన్ని గింజలు నింపుకొని సరిహద్దు దాటాడు. ఆ గింజలు దక్షిణ కరొలైనా రైతులకు వెళ్లాయి.

ఆయనే థామస్ జెఫర్సన్. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసినవాడు, ఆ దేశపు మూడో అధ్యక్షుడు. జీకే పుస్తకాల్లో మనం చదువుకున్నది ఈ ఒక్క వాక్యమే. కానీ ఆయన బతుకంతా ఇంకో పని కూడా నడిచింది. ఎక్కడ కొత్త విత్తనం కనబడినా తెచ్చుకోవడం, నాటడం, రాసుకోవడం, నలుగురికీ పంచడం.

జెఫర్సన్ 1743 ఏప్రిల్ 13న వర్జీనియాలోని షాడ్‌వెల్‌లో పుట్టాడు. తండ్రి పీటర్ భూముల సర్వేయరు. జెఫర్సన్‌కు 14 ఏళ్లప్పుడే ఆయన పోయాడు. కొడుకు చేతికి వచ్చినవి వేల ఎకరాల భూమి, ఆ భూమిలో పనిచేసే బానిసలు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

1766 మార్చి 30న ఆయన ఒక పుస్తకం మొదలుపెట్టాడు. హైసింత్ పూలు పూయడం మొదలైందన్నది అందులో మొదటి ముక్క. అప్పటినుంచి 1824 దాకా, అంటే 58 ఏళ్లు, ఆ తోట పుస్తకం నడిచింది. మధ్యలో రాయబారిగా, మంత్రిగా, అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో కొన్నేళ్లు ఖాళీగా పోయినా, ఇంటికి రాగానే మళ్లీ అందుకునేవాడు. ఏ మడిలో ఏ రకం వేశారు, ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు బల్లమీదికి వచ్చింది, అన్నీ లెక్కే. చెప్పుకోవాల్సింది ఏమిటంటే, పోయినవి కూడా అంతే బుద్ధిగా రాశాడు. ఇది మొలవలేదు, అది చచ్చిపోయింది, ఇంకోటి పురుగు తినేసింది. ల్యాబ్ రికార్డులో గ్రాఫు కుదరకపోతే రీడింగులు సర్దేసే మనం ఆ పుస్తకం దగ్గర కాసేపు తల వంచుకోవాల్సిందే.

ఆ రోజుల్లో మంచి విత్తనం ఎక్కువగా మనిషి నుంచి మనిషికే వచ్చేది. ఇటలీ నుంచి వచ్చి పక్కనే భూమి తీసుకున్న ఫిలిప్ మాత్సేయి ద్వారా ఇటలీ మొక్కలు వచ్చాయి. పారిస్ వృక్షోద్యానం పెద్ద ఆంద్రే తూవాన్ ఏటేటా పెట్టెలకొద్దీ విత్తనాలు పంపేవాడు. ఒక్కో పెట్టెలో వందల రకాలు. అవన్నీ జెఫర్సన్ ఒక్కడే అట్టేపెట్టుకోలేదు. న్యూయార్క్‌లో డేవిడ్ హొసాక్ తోటకీ, ఫిలడెల్ఫియాలో విత్తనాల వ్యాపారి బెర్నార్డ్ మెక్‌మహన్‌కీ చేరవేసేవాడు. లూయిస్, క్లార్క్ బృందం పడమటి ప్రాంతాలు తిరిగి 1806లో వచ్చినప్పుడు తెచ్చిన విత్తనాలు కూడా మెక్‌మహన్ చేతికే ఇచ్చాడు. అందులో అరికారా తెగవాళ్లు పండించే చిక్కుడు రకాన్ని తన పెరట్లోనూ వేసుకున్నాడు.

ఇరుగుపొరుగుతో ఇంకా సరదా వ్యవహారం. ఆయనకు బఠాణీ అంటే ప్రాణం. చుట్టుపక్కల తోటలున్న పెద్దమనుషులంతా ఏటా ఒక పందెం వేసుకునేవారు. వసంతంలో ఎవరి పెరటి బఠాణీ ముందు బల్లమీదికి వస్తే వాళ్లు మిగతావాళ్లను భోజనానికి పిలవాలి. దాదాపు ప్రతిసారీ జార్జ్ డైవర్స్ అనే పొరుగాయనే గెలిచేవాడు. ఒక ఏడాది జెఫర్సన్ బఠాణీలే ముందు వచ్చాయట. ఇంట్లోవాళ్లు సంబరపడితే, చెప్పకండి, ఆ భోజనం పెట్టే సంతోషం ఆయనకే ఉండనివ్వండి అన్నాడని మనవడు చెప్పుకున్న ముచ్చట.

ఇక టమాటా. మన గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని రామములక్కాయ అంటారు. పేరులోనే ములక చెట్టు చుట్టరికం ఉంది. ఆ చుట్టరికమే ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ కొందరిని భయపెట్టింది. ఈ కుటుంబంలో విషపు మొక్కలున్నాయి కాబట్టి ఇదీ విషమేనని అనుమానం. జెఫర్సన్ లించ్‌బర్గ్ ఊళ్లో అందరి ముందూ టమాటా కొరికి తిని జనాన్ని హడలెత్తించాడని ఒక కథ చెప్తారు. వినడానికి బాగుంటుంది కానీ, అమెరికాకు టమాటా తెచ్చినవాడు ఆయనే అనుకుంటే పొరపాటు. 1780లలో వర్జీనియా గురించి రాసిన తన పుస్తకంలోనే, అక్కడి తోటల్లో పండేవాటిలో టమాటానీ, బెండనీ ఆయన లెక్కపెట్టాడు.

ఆయన చేసింది వేరే. అధ్యక్షుడిగా ఉన్న 8 ఏళ్లూ వాషింగ్టన్ కూరగాయల బజారులో 37 రకాల కూరలు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతున్నాయో పట్టిక గీశాడు. ఒకవైపు దేశం నడుపుతూ ఇంకోవైపు ఈ పట్టిక! అందులో టమాటా ఉంది. 1809లో పదవి దిగి మాంటిచెల్లో కొండమీది ఇంటికి వచ్చాక, ఆ ఏడు మొదలు 1824 దాకా తోట పుస్తకంలో టమాటా నాట్లు కనిపిస్తూనే ఉంటాయి. మామూలు రకంతో పాటు పొట్టి రకం ఒకటి, మామూలువాటి కంటే చాలా పెద్ద కాయలు కాసే స్పానిష్ రకం ఒకటి వేశాడు. ఇంట్లో ఆడవాళ్లు రాసిపెట్టుకున్న వంటల్లో టమాటా వంటలు మిగిలే ఉన్నాయి.

విత్తనం కట్టుకునేవాళ్లకు ఆయన పద్ధతిలో ఒక కిటుకు కనిపిస్తుంది. తోటలో మొత్తం మీద 330 దాకా రకాలు పరీక్షించినా, చివరికి ఒక్కో కూరలో మంచివి ఒకటో రెండో ఉంచుకుని మిగతావి తీసేయాలన్నది ఆయన ఆలోచన. కారణం, పక్కపక్కన ఉంటే రకాలు కలిసిపోయి చెడిపోతాయి. గుమ్మడి, దోస, క్యాబేజీ లాంటివాటిలో ఇది నిజం. తేనెటీగ ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు మోస్తుంది. టమాటా నయం. దాని పువ్వు చాలావరకు తనలో తానే ఫలదీకరణ చేసుకుంటుంది. అందుకే నాటు టమాటా ఒక పండు నుంచి తీసిన గింజ మళ్లీ అదే పండు ఇస్తుంది. హైబ్రిడ్ గింజ ఆ మాట నిలబెట్టుకోదు. బాగా పండిన కాయ గుజ్జును రెండు మూడు రోజులు గిన్నెలో పులియనిస్తే గింజ చుట్టూ ఉన్న జిగురు పోతుంది. కడిగి నీడన ఆరబెట్టి పొట్లం కడితే కొన్నేళ్లు నిలుస్తుంది. ఇంత తేలిక కాబట్టే విత్తనాలు మార్చుకునే పెరటి తోటల వాళ్లందరికీ మొదటి ప్రేమ టమాటాయే.

కొండ పక్కన 1000 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పున కూరల తోట చదును చేశారు. కింద పెద్ద రాతి గోడ. కొండను తవ్వింది, మట్టి మోసింది, రాళ్లు పేర్చింది ఎవరు? బానిసలు. మనుషులందరూ సమానంగా పుట్టారని రాసిన ఈ మనిషి, జీవితం మొత్తంలో 600 మందికి పైగా మనుషులకు యజమాని. పంటల పుస్తకం ఎంత శ్రద్ధగా రాశాడో, ఆ మనుషుల పేర్లు, వాళ్లకిచ్చే దుప్పట్ల లెక్కలు కూడా అంతే శ్రద్ధగా రాశాడు.

వాళ్లకూ తోటలుండేవి. రాత్రిళ్లు, ఆదివారాలు తమకంటూ దొరికిన ఆ కాస్త సమయంలో గుడిసెల పక్కన కూరలు పండించుకునేవారు. 1805 నుంచి 1808 దాకా జెఫర్సన్ మనవరాలు ఆన్ రాసిన చిట్టా ఒకటి ఉంది. దొరగారి వంటింటికి కొన్న దోసకాయలు, క్యాబేజీలు, పుచ్చకాయలు, కోళ్లు, గుడ్లు, అమ్మినవాళ్ల పేర్లు, ఇచ్చిన చిల్లర. అమ్మినవాళ్లు ఆ ఇంటి బానిసలే. అంత పేరున్న తోట పెట్టుకుని కూడా ఆ ఇల్లు బానిసల పెరడు నుంచి కూర కొనుక్కుంది. నువ్వుల కథ ఇంకొకటి. ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన పంట అది. జార్జియా నుంచి వచ్చిన నువ్వుల నూనె రుచి చూసి, ఆలివ్ నూనెకు ఇది ఏమాత్రం తీసిపోదని జెఫర్సన్ మురిసిపోయి విత్తనం తెప్పించి వేశాడు. అంటే ఆయనకు విత్తనం ఇచ్చినవాళ్ల పట్టికలో పేర్లు రాయని మనుషులు చాలామంది ఉన్నారు.

1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, జెఫర్సన్ పోయాడు. అప్పు లక్ష డాలర్లు దాటింది. వీలునామాలో అయిదుగురికే విముక్తి రాశాడు. వాళ్లలో ఇద్దరు, బానిస స్త్రీ శాలీ హెమింగ్స్‌కు జెఫర్సన్ వల్ల పుట్టినవాళ్లేనని చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. 1827 జనవరిలో మాంటిచెల్లోలో వేలం జరిగింది. 130 మంది మనుషులు సామాన్లతో, పశువులతో పాటు పాటకు వచ్చారు. ఆ తోటకు ఏళ్ల తరబడి పెద్ద తోటమాలిగా ఉన్న వర్మ్లీ హ్యూస్‌ను కూతురు మార్తా తన మానాన తనను పోనిచ్చింది. జెఫర్సన్‌కు గొయ్యి తవ్వింది ఆయనే. ఆయన భార్య అర్సులానీ, పిల్లల్నీ మాత్రం వేలంలో అమ్మేశారు.

పెరటి గింజను పదిమందికి పంచితేనే అది బతుకుతుందని ఎరిగినవాడు, తన దగ్గరి మనుషుల్ని మాత్రం చివరిదాకా విడవలేకపోయాడు. ఆయన మంచి మాటలు ఏరుకుని ఈ మాట వదిలేస్తే ఆ జీవితం సగమే చెప్పినట్టు. ఈ ఒక్క మాట చెప్పి తోట సంగతి వదిలేసినా అంతే.

తోట కొన్నాళ్లకు పూడిపోయింది. 1970ల చివర్లో పురావస్తు తవ్వకాలు మొదలుపెట్టి, పాత గోడ ఆనవాళ్లు పట్టుకుని మళ్లీ నిలబెట్టారు. 1987 నుంచి అక్కడ పాత మొక్కల కేంద్రం ఒకటి నడుస్తోంది. ఆ కాలపు టమాటాలు ఇప్పటివాటిలా నున్నగా ఉండేవి కావు, మడతలు మడతలుగా ఉండేవి. వాటికి దగ్గరగా ఉండే కోస్టొలుటో జెనొవేసే, పర్పుల్ కలబాష్ లాంటి రకాలు అక్కడ పెంచుతారు. గింజలు పొట్లాలు కట్టి అమ్ముతారు. కొన్నవాళ్లు పెరట్లో పండించి మళ్లీ గింజ తీసి ఇంకొకరికి ఇస్తారు. ఆ గింజ ఇంతదూరం రావడానికి జెఫర్సన్ కలం ఎంత పనిచేసిందో, వర్మ్లీ హ్యూస్ పార కూడా అంత పనిచేసింది. తోట పుస్తకం మీద ఒక్కరి పేరే ఉంది. రెండో పేరు మనం గుర్తుపెట్టుకుందాం.