పిడుగుపాటు భయంలో చేసిన మ్రొక్కుబడి



1505 జూలై 2న న్యాయశాస్త్ర విద్యార్థి మార్టిన్ లూథర్ తల్లిదండ్రులను చూసి ఎర్‌ఫర్ట్‌కు తిరిగి వస్తున్నాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. స్టొట్టర్న్‌హైమ్ గ్రామం దగ్గర అతని సమీపంలోనే పిడుగు పడింది. ప్రాణభయంతో పునీత అన్నమ్మ సహాయం వేడుకొని, సన్యాసినౌతానని మ్రొక్కుకున్నాడు.

తండ్రి మండిపడ్డాడు. అయినా జూలై 17న లూథర్ అగస్టీనియన్ మఠంలో చేరాడు. ఉపవాసాలు, జాగరణలు, ఎడతెగని పాపపు ఒప్పుకోలు... మ్రొక్కుబడి చెల్లించాడు గాని సమాధానం దొరకలేదు.

రోమా పత్రికను ధ్యానించినప్పుడు, నీతి మన క్రియల జీతం కాదనీ విశ్వాసమూలంగా కలిగే దేవుని వరమనీ గ్రహించాడు. 1521లో వార్ట్‌బర్గ్ కోటలో దాగియుండి మఠ ప్రమాణాలపై గ్రంథం వ్రాసి తండ్రికి అంకితమిచ్చాడు. రక్షణ సంపాదించుకోవడానికి చేసే మ్రొక్కుబడి సువార్తకు విరుద్ధమని అందులో వాదించాడు. అయినా తొందరపడలేదు, 1524 వరకు సన్యాసి వస్త్రం విడువలేదు. 1525లో కాతరీనా ఫాన్ బోరాను వివాహమాడి, 1546లో మరణించేవరకు ఆ ప్రమాణంలో నిలిచాడు.

లూథర్ పేరు చెప్పి మాట తప్పడానికి మనకు వీలులేదు. ఆసుపత్రి మంచం పక్కన మ్రొక్కుకొని, ఇంటికి రాగానే మరచిపోతాం. తొందరపడి పలకవద్దనీ, పలికితే ఆలస్యం చేయవద్దనీ ప్రసంగి 5వ అధ్యాయం హెచ్చరిస్తోంది. మ్రొక్కుబడి దేవునితో బేరం కాదు. పొందిన కృపకు కృతజ్ఞత. చెల్లించవలసిన మాట ఏదైనా మిగిలి ఉంటే, ఈ ఆదివారమే దేవుని సన్నిధిలో జ్ఞాపకం చేసుకుందాం.