పక్షిమిత్రుడు సలీం అలీ

శరదృతువు ముగియు వేళకు ఓరుగల్లు సీమలోని చెరువులకు దూరదేశపు అతిథులు వచ్చును. హిమాలయముల కావల నుండి బాతులు, ఉల్లంకులు రెక్కలనే నమ్ముకొని యెగిరివచ్చి, పాకాల వంటి జలాశయములలో చలికాలము గడపి, ఎండలు ముదురక మునుపే మరలిపోవును. వీనిలో పెక్కు రాత్రివేళనే పయనించును. ఇట్టి బాటసారుల జీవితమును తెలిసికొనుటకు తన జీవితమును ధారపోసిన మహనీయుడు సలీం అలీ.

ఆయన 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి, బొంబాయిలో మేనమామ యింట పెరిగెను. పదియేండ్ల ప్రాయమున గాలితుపాకితో ఒక పిచ్చుకను గొట్టెను. దాని కంఠమున పసుపుపచ్చని మచ్చ యుండెను. అది యే జాతిదో తెలియగోరి ఆ బాలుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు అతనిని ఆదరించి, సంఘము భద్రపరచిన పక్షుల నన్నిటిని చూపెను. ఆ దినమే అతని జీవితమునకు మలుపయ్యెను.

సలీం అలీకి విశ్వవిద్యాలయ పట్టము లేదు. అందుచే కోరిన ఉద్యోగము దొరకలేదు. 1926లో బొంబాయి వస్తుప్రదర్శనశాలలో చిన్న కొలువు లభించెను. కొంతకాలమునకు సెలవు గైకొని జర్మనీ కేగి, స్ట్రెసెమాన్ పండితునికి శిష్యుడయ్యెను. హెలిగోలాండు దీవిలో వలసపక్షుల కాళ్లకు ఉంగరములు తొడిగి, వాని మార్గములను గుర్తించు విద్య నభ్యసించెను. ఆ దీవియందలి దీపస్తంభము శాస్త్రజ్ఞులకు చిరపరిచితము. చంద్రుడు లేని మబ్బు రాత్రులందు వలసపక్షులు గుంపులుగా ఆ వెలుగు చుట్టును తిరిగెడివి. కొన్ని అలసి నేలగూలెడివి. నావలకు దారి చూపు దీపమే, నక్షత్రముల గుర్తుతో పయనించు పక్షులను దారి తప్పించెను.

స్వదేశమునకు మరలివచ్చునప్పటికి ఆయన కొలువు రద్దయ్యెను. ఆయన క్రుంగిపోలేదు. భార్య తెహమీనాతో కిహీం అను పల్లెలో నివసించుచు గిజిగాని కాపురమును పరిశీలించెను. 1931లో హైదరాబాదు సంస్థానమందలి పక్షుల పరిశీలనకు పూనుకొనెను. నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలు నాడు ఆ సంస్థానములోనివే. అడవులలో గుడారములు వేసికొని తిరిగిన ఆ దినములందు తెహమీనా ఆయనకు తోడుగా నుండెను. 1939లో ఆమె మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, 1941లో భారతదేశపు పక్షులను గూర్చి గ్రంథము ప్రకటించెను. 1959లో వలసపక్షులకు ఉంగరములు తొడుగు కార్యమును మన దేశమున పెద్ద యెత్తున సాగింప మొదలిడెను.

1960వ దశకమున ప్రకృతి పరిశోధకుడు గీతో కూడి అస్సాములోని జటింగ గ్రామమునకు పోయెను. అచ్చట వానకాలపు చివర, పొగమంచు క్రమ్మిన చీకటి రాత్రులందు పక్షులు దీపములపై వచ్చి వ్రాలెడివి. గ్రామస్థులు వానిని కర్రలతో కొట్టెడివారు. అనంతర కాలమున ప్రబోధము వలన ఆ హింస చాల వరకు తగ్గెను.

1976లో ప్రభుత్వము ఆయనను పద్మవిభూషణ బిరుదముతో సత్కరించెను. తనకు లభించిన అంతర్జాతీయ బహుమతి ధనమును ఆయన ప్రకృతి రక్షణ నిధికే యొసగెను. 1987లో తన తొంబదియేండ్ల ప్రాయమున పరమపదించెను.

నేడు భూపాలపల్లి బొగ్గుగనుల యొద్దను, చెల్పూరు విద్యుత్కేంద్రమునందును, పట్టణ వీధులందును రాత్రియెల్ల దీపములు వెలుగుచున్నవి. పని చేయువారికి వెలుగు కావలెను; కాని ఆకసమునకు వెలుగుతో పని లేదు. దీపకాంతి క్రిందికే ప్రసరించునట్లు పైన మూత నుంచుటయు, వలసకాలమున అక్కరలేని దీపముల నార్పుటయు కష్టమైన పనులు కావు. బాలబాలికలారా! ఈ రాత్రి నిదురించుటకు ముందు మీ ముంగిట నూరక వెలుగు దీపము నార్పుడు. ఆ చీకటిలో ఏ పక్షియో తన దారి తాను కనుగొనును.